బావి నుంచి ఐదోది

ఈస్టర్ ముందు శనివారం నేనూ చెల్లెలు ఏంజెలీనా సున్నం బకెట్టుతో సమాధుల తోటకి వెళ్లేసరికి, మా ముత్తాత సమాధి మీద ఒక తెల్లవాడు మోకాళ్లూని ఉన్నాడు. చేతిలో చాకు. సున్నం గీకుతున్నాడు.

"ఏటన్నియ్యా, ఆడేటి సేస్తున్నాడు?"

నాకు ఒళ్లు మండింది. రంగూన్ పక్కనున్న ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు నేర్చిన ఇంగ్లీషంతా వాడి నెత్తిన కుమ్మరించాను. వాడు లేచి, నవ్వుతూ చెయ్యి చాపాడు. నేను అందుకోలేదు.

పేరు ఉల్రిక్, జర్మన్. వందేళ్ల కిందట రంగూన్ వచ్చి బియ్యం మిల్లులు పెట్టిన తన వాళ్లు ఎక్కడెక్కడ కాపురమున్నారో పాత పటాలు పట్టుకుని వెతుకుతున్నాడట. మిల్లుల చోటు దొరికిందట, బంగళాల చోటు దొరికిందట. ఇక మిగిలింది ఆ మిల్లులు పెట్టిన పెద్దాయన సమాధేనట.

"ఇది మా ఎలీజా ముత్తాతది," అన్నాను. "మీ మిల్లుల్లోనే బస్తాలు మోసి పోయాడు. ఇప్పుడు సమాధి కూడా కావాలా?"

జపాను బాంబులకి ఇండియా పారిపోయిన మా నాన్న, యుద్ధం అయిపోయాక రంగూన్ తిరిగొచ్చి దీన్ని వెతికి పట్టుకున్నాడు. తాత చెప్పిన గుర్తు ఒక్కటే: బావి నుంచి తూర్పుకి ఐదోది. నాన్న లెక్కపెట్టి, సున్నం కొట్టి, పైన ఎర్ర రంగుతో పేరు రాశాడు. అప్పట్నుంచి ఏటా మాకదే పని. పూత మీద పూత పడి వేలెడు మందం పేరుకుంది.

చాకు తగిలిన చోట పెచ్చు ఊడింది. కింద రాతిలో చెక్కిన అక్షరాలు మనవి కావు.

"ఆడే సెక్కుంటాడు, దొంగముండాకొడుకు," అంది ఏంజెలీనా. వేలు మాత్రం ఆ అక్షరాల్నే తడుముతోంది.

ఉల్రిక్ పటం పరిచాడు. 1912 నాటిది. జర్మన్ల సమాధులకి ఒక్కోదానికి ఒక్కో గడి, పక్కన పేరు. మా వాళ్ల వరసలకి కలిపి ఒకే మాట: కూలీలు. నా కళ్లు బావి కోసం వెతికాయి. ఇప్పటి బావి అందులో లేనేలేదు. అసలు బావి పడమరగా, ఇప్పటి గోడకి అవతల, ఇప్పుడు రోడ్డున్న వైపు ఉంది. అప్పట్లో తోట అంతదూరం ఉండేది.

"ఇన్నేళ్లూ మా పెద్దాయన్ని చూసుకున్నారు. చాలా కృతజ్ఞతలు," అన్నాడు ఉల్రిక్.

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. పటం వాడి చేతిలోంచి లాక్కున్నాను. వర్క్‌షాపులో డ్రాయింగులు చదివిన వాణ్ణి, కొలత నాకు రాకపోవడమేంటి? స్కేలు చూసి, అడుగులు లెక్కపెట్టుకుంటూ గేటు దాటి రోడ్డు మీదకొచ్చాను. ఏంజెలీనా బకెట్టుతో వెనకే వచ్చింది. పాత బావి చోటు నుంచి తూర్పుకి ఐదో సమాధి ఉండాల్సిన చోట ఆగాను.

"ఇక్కడేనా?" అంది.

తలూపాను. ఆమె చెప్పులు విడిచింది. పక్కనే బస్సు ఆగింది, జనం తోసుకుంటూ దిగారు. ఏటేటా మేం సున్నం బకెట్టుతో దిగేదీ అక్కడే.