మా అమ్మ సాక్ష్యం

మా చర్చి సంఘంలో పంతొమ్మిదేళ్లు మైకు నా చేతిలో ఉంది. మాట్లాడటానికి కాదు, నడపటానికి. హాలు చివర ఒక బల్ల, దాని మీద సౌండ్ మిక్సరు, నా చెవులకు హెడ్‌ఫోను. పాటలో ఎవరి శ్రుతి తప్పిందో, దేవుడు చేసిన మేలు చెప్పుకుంటూ సాక్ష్యమిచ్చేటప్పుడు ఎవరు తడబడ్డారో, ప్రసంగం మధ్యలో అయ్యగారు ఎన్నిసార్లు గుటక వేశారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయ్యగారంటే మా పాస్టరుగారు. "తమ్ముడూ, ఆత్మ దిగే టైముకి కాస్త ఎకో పెంచు," అని ముందే చెప్పి ఉంచేవారు. ఆత్మ సంగతేమో గానీ, ఎకోని మాత్రం నేను ఠంచనుగా దింపేవాణ్ని.

ఎనిమిది నెలల కిందట ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అయ్యగారు కాలరుకున్న మైకు ఆపడం మరిచిపోయి లోపలి గదిలోకి వెళ్లారు. నేను గబుక్కున హాలు స్పీకర్లు కట్టేశాను. హెడ్‌ఫోనులో మాత్రం ఆయన మాట వినబడుతూనే ఉంది. "ఆ ముసలావిడ సాక్ష్యానికి లేచిందంటే నా ప్రసంగం టైము సగం మింగేస్తుంది. చెప్పిందే చెప్పి చంపుతోంది. వచ్చే వారం నుంచి ఆవిడకి మైకు ఇవ్వకండి," అని ఎవరితోనో అంటూ నవ్వారు.

ఆ ముసలావిడ మా అమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆ ఒక్క మాటకే సంఘం మానేశానంటే అబద్ధం అవుతుంది. నేను దేవుడి దగ్గరికి వెళుతున్నానా, ఆయన పేరుతో జరిగే కార్యక్రమానికి వెళుతున్నానా అని చాలా ఏళ్లుగా అనుమానం. ఆ రోజు అది తీరిపోయింది. మైకుల బీరువా తాళాలు సంఘపెద్ద చేతిలో పెట్టి ఇంటికి వచ్చేశాను.

నా దేవుణ్ని మాత్రం వెంట తెచ్చుకున్నాను. నాది యాంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేసే షాపు. పొద్దున్నే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెడితే అది వేడెక్కడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. ఆ కాసేపు నేనూ, ఆయనా. ఉన్నదున్నట్టు చెప్పుకుంటాను. పంతొమ్మిదేళ్లలో ఎప్పుడూ ఆయనతో ఇంత తీరిగ్గా మాట్లాడలేదు.

ఎందుకు మానేశానో అమ్మకు చెప్పలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఆ హాలంటే ఆమెకు ప్రాణం. చెబితే నా మాట నెగ్గుతుంది గానీ, ఆమె మళ్లీ ఆ మెట్లు ఎక్కలేకపోతుంది. అందుకే నోరు కుట్టేసుకున్నాను. మైకువాడు దారి తప్పాడని సంఘమంతా అనుకున్నా పట్టించుకోలేదు.

అమ్మ మాత్రం వదిలేది కాదు. "ప్రభువుని కూడా వదిలేశావేంట్రా?" అనేది.

"లేదమ్మా," అనేవాణ్ని.

"మరి ఒక్కనాడైనా నీ నోట ప్రార్థన వినలేదేం?"

వినదు మరి. అందరి గొంతులూ పెంచి తగ్గించినవాణ్నే గానీ, ఒకరి ముందు నోరు విప్పి ప్రార్థించాలంటే నాకు చచ్చేంత సిగ్గు.

ఇంతలో అమ్మకు గుండె ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. ఆ వయసులో ఏ మాటా గట్టిగా చెప్పలేమన్నాడు డాక్టరు. ఆపరేషన్ రోజు పొద్దున ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం మీద కూర్చున్న అమ్మ, నా చెయ్యి పట్టుకుంది.

"నాకేమైనా అయితే బెంగ లేదురా. నేనెక్కడికి వెళ్తానో నాకు తెలుసు. నువ్వక్కడికి వస్తావో రావో తెలియకుండా వెళ్లాలంటేనే ప్రాణం ఒప్పుకోవట్లేదు."

నేను జవాబు చెప్పేలోగా తలుపు తోసుకుని అయ్యగారు వచ్చారు, వెనకే సంఘపెద్ద. వందనాలు అయ్యాక అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఏమనుకోకు తమ్ముడూ. సంఘాన్ని కాదనుకున్నవాళ్లు గదిలో ఉంటే ప్రార్థన సాగదు. ఒక్క పది నిమిషాలు బయట కూర్చో."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క వాక్యం అంటే చాలు, ఆయన ముఖం మాడిపోయేది. కానీ కాసేపట్లో గుండె కోయించుకోబోయే మనిషి ముందు ఆ మాట ఎలా అనను? మింగేసి తలుపు వైపు నడిచాను.

"నువ్వాగు," అంది అమ్మ. తర్వాత అయ్యగారి వైపు తిరిగింది. "వీడెందుకు మానేశాడో మీకు తెలుసాండీ?"

"లోకం లాగేసిందమ్మా."

"లోకం కాదండీ, నేనే. సాక్ష్యానికి లేస్తే చెప్పిందే చెప్పి చంపుతానట కదా."

తలుపు దగ్గర్నుంచి వెనక్కి వచ్చాను. "నీకెవరు చెప్పారమ్మా?" అన్నాను.

"నువ్వే వినిపించావు కదరా! హాల్లో స్పీకర్లు కట్టేశావు గానీ, వెనక వంటగదిలో ఉన్న బుల్లి స్పీకరు మరిచిపోయావు. నేనూ మీ పిన్నీ ప్రభువు బల్ల ద్రాక్షరసం కప్పులు కడుగుతున్నాం అప్పుడు."

పంతొమ్మిదేళ్ల అనుభవం! ఆ స్పీకరుకు వైరు లాగింది కూడా నేనే.

అయ్యగారు తల దించుకున్నారు. "క్షమించండమ్మా," అన్నారు. గొంతుల సంగతి నాకు తెలుసు. అది పైపైన అన్న మాట కాదు.

"ఆ పూటే క్షమించానండీ. లేకపోతే మిగతా కప్పులెలా కడుగుతాను? నేను మీకోసం వస్తున్నానా, మీ మాటకి మానెయ్యడానికి! వీడికి అక్కడ ఊపిరాడలేదు, వెళ్లిపోయాడు. నాకు తెలియకూడదని ఇన్నాళ్లూ అందరి చేతా మాటలు పడ్డాడు. నేను విన్నానని తెలిస్తే బాధపడతాడని నేనూ ఏమీ తెలియనట్టే ఉన్నాను." నా వైపు చూసింది. "ఇవాళ ప్రార్థన నువ్వు చెయ్యరా. నాకు వినాలనుంది."

సిగ్గు ఎటు పోయిందో తెలియదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

"ప్రభువా, పొద్దున చెప్పిందే మళ్లీ చెబుతున్నాను, విసుక్కోకు. మా అమ్మను నీ చేతిలో పెడుతున్నాను. డాక్టరుగారి చెయ్యి వణకనివ్వకు. అమ్మకు భయం లేదంటోంది. నాకుంది. నా సంగతి కూడా చూసుకో. యేసు నామంలో, ఆమేన్."

అమ్మ ఆమేన్ అంది. ఒక్క క్షణం ఆగి అయ్యగారూ అన్నారు. అమ్మ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి గానీ, ముఖం మాత్రం తేటగా ఉంది.

నర్సు స్ట్రెచరు తోసుకుంటూ వచ్చింది. అమ్మను దాని మీదికి మార్చుతుంటే అయ్యగారు నా దగ్గరికొచ్చి, "ఆదివారం రా తమ్ముడూ. అందరి ముందూ నేనే చెబుతాను," అన్నారు.

"వద్దండీ, రాను. కోపంతో కాదు. మీ మీద ఉన్నది కూడా ఇప్పుడే పోయింది. నేనూ ఆయనా బయటే బాగున్నాం."

అయ్యగారు ఇంకా ఏదో అనబోయారు. అమ్మ స్ట్రెచరు మీంచి చెయ్యి ఎత్తింది.

"వాణ్ని బతిమాలకండి అయ్యగారూ. నేను వెళ్లే చోటికి వాడూ వస్తాడు. పదమ్మా నర్సమ్మా, ఇప్పుడు ఎటు తీసుకెళ్లినా సరే."