ఎలా కనిపెట్టేరు?

మా ఆయన దుర్గాశ్రీనివాస్ వాంతి చేసుకున్న దుప్పటి ఉతుకుతుంటే, అత్తగారు వసారాలోంచి, "మూడు రోజుల్నించి వాడు చుక్క ముట్టలేదు కదా, ఇంకా ఆ మొహమేంటే రేవతీ!" అన్నారు. ఆయన తాగితే నేను సరిగ్గా చూసుకోలేదని, మానేస్తే నేను సంతోషించలేదని ఆవిడ సాధింపు. నేను చూస్తున్నది మాత్రం ఆయన చేతుల్ని. టీ గ్లాసు పట్టుకోలేకపోతున్నారు. గోడ మీద లేని చీమల్ని దులుపుతున్నారు. ఆసుపత్రికి వెళ్దామంటే, "నీకేం తెలుసు? గాలి సోకింది, తాయెత్తు కడితే పోద్ది" అన్నారు బావగారు.

నాకు తెలుసు. పదకొండేళ్ళుగా ఆ ఒంటిని నా అంత దగ్గరగా చూసినవాళ్ళు లేరు. ఎవర్నీ అడక్కుండా రాజోలు నుంచి ఆటో పిలిపించి అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారిలోనే ఫిట్స్ వచ్చాయి.

ఆయన కాస్త తేరుకున్నాక డాక్టర్ పద్మావతిగారు నా పక్కన కూర్చున్నారు. "తాగుడికి అలవాటైన ఒళ్ళమ్మా, ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది. సమయానికి తెచ్చేరు. ఎలా కనిపెట్టేరు?"

పెళ్ళయ్యాక నన్నలా అడిగిన మొదటి మనిషి ఆవిడే. నేను చెబుతూనే ఉన్నాను, ఆవిడ రాసుకుంటూనే ఉన్నారు.

తర్వాత ఆవిడ ఊళ్ళలో ఆడవాళ్ళని కలుపుకుని తాగుడు మీద పరిశోధన మొదలుపెట్టి, నన్నూ రమ్మన్నారు. ఇంటింటికీ పంచే పుస్తకం చిత్తుప్రతిలో 'భార్య భర్తను విసిగించరాదు' అని ఉంది.

"ఇది తీసెయ్యాలండి" అన్నాను.

"మరేం రాద్దామండీ?"

"ఆయన తాగడానికి ఆవిడ కారణం కాదని రాయండి."

అలాగే అచ్చయింది. సఖినేటిపల్లి మీటింగులో ఆ వాక్యం చదివితే, కాంతంగారని ఒకావిడ, "ఇంకోసారి చదవండమ్మా" అంది. మూడుసార్లు చదివించుకుంది.

మా ఆయన రెండుసార్లు మళ్ళీ తాగారు, రెండుసార్లూ మళ్ళీ మందులకి వచ్చారు. ఇప్పటికి ఎనిమిది నెలలైంది చుక్క ముట్టి. మొన్న వైద్య విద్యార్థులకి పాఠం చెప్పమని నాకు పిలుపొస్తే, "నా పరువు తీస్తావా?" అన్నారు.

"మీ గురించి కాదండీ. నాకు తెలిసింది చెప్పడానికెళ్తున్నాను. కూర పొయ్యి మీదుంది, దింపుకోండి."

క్లాసులో అరవైమంది లేచి నిలబడ్డారు. నేనేమో పదో తరగతి తప్పినదాన్ని. ముందు వరసలో అమ్మాయి అడిగింది: "రోగి రాగానే ముందు ఏం చెయ్యాలి మేడమ్?"

"ముందు వెంట వచ్చినావిడకి కుర్చీ వెయ్యండమ్మా" అన్నాను. "తర్వాత ఆవిణ్ణి అడగండి."

అరవై పెన్నులు కదిలాయి.