స్నానాలగది వాలు

స్నానాలగది నేలను నీళ్ళు పోయే జాలీ వైపు కాకుండా పడకగది వైపు వాల్చిపోయిన టైల్స్ మేస్త్రీ, ఎన్ని కబుర్లు పెట్టినా మొహం చాటేశాడు. చివరికి ఇల్లుగలావిడ అతని గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా దులిపేస్తే గానీ కదల్లేదు.

వచ్చి, పనిముట్ల సంచీ పడకగదిలో దించి, స్నానాలగదిలోకి తొంగిచూశాడు.

"వాలు బ్రహ్మాండంగా ఉందమ్మా. చుక్క నీరు బయటికి రాదు. మీరే బకెట్లకి బకెట్లు కుమ్మరిస్తున్నట్టున్నారు."

ఆవిడకు ఒళ్ళు మండింది. నిండు బకెట్ తెచ్చి అతని ముందు దబ్బున పెట్టింది.

"కబుర్లు చాలు. నీ చేత్తోనే పొయ్యి, చూద్దాం."

"పోస్తా, నాకేం భయం?" అంటూ వంగినవాడు, ఏదో గుర్తొచ్చినట్టు గబగబా వెనక్కెళ్ళి, నేలమీది సంచీని ఎత్తి మంచం మీద పెట్టి వచ్చాడు.

"ఇంక పొయ్యక్కర్లేదు," అందావిడ. "ఆ సంచీలోంచి ఉలీ సుత్తీ తీసి, పగలగొట్టడం మొదలెట్టు."