దూదిపింజ ప్యాకెట్టు చెప్పిన మాట

సోమవారం వచ్చిందంటే కిరణ్మయి తను అమ్మే ఇడ్లీపిండి కంటే ముందు పోటీవాళ్ళ పిండి సంగతి చూస్తుంది. మయూర్ విహార్ మార్కెట్లో వాళ్ళ ‘దూదిపింజ’ ప్యాకెట్టొకటి కొని, తూకం చూసి, తేదీ చూసి, “భయ్యా, ఇస్ హఫ్తే నయా క్యా ఆయా?” అని ఈ వారం కొత్తగా ఏమొచ్చిందో కొట్టు అతన్ని కదిపి, తెలిసిందంతా ఇంటికొచ్చి గోడమీది చార్టులో ఎక్కిస్తుంది.

ఈసారి ఆ చార్టు ఎంత చూసినా అంతుపట్టలేదు. పోయిన నెల కొట్లో దూదిపింజ రాగిపిండి కనబడలేదని తనూ రాగిపిండి ఆపేసింది. తీరా తేదీలు చూస్తే, వాళ్ళు నిజంగా ఆపింది తను ఆపాకే!

ఇక లాభంలేదని ప్యాకెట్టు అత్తగారు భానుమతి చేతికిచ్చింది. పిండి పులిసేటప్పుడు రుబ్బినవాళ్ళ మాటలూ అందులో పొంగుతాయి. అవి భానుమతికి వినబడతాయి. సొసైటీలో అందరికీ తెలిసిన సంగతే. పక్క ఫ్లాటు కమలా ఆంటీ తన కోడలు రుబ్బిన దోసెలపిండి తెచ్చి, ఆ పిల్ల ఏమనుకుంటోందో చెప్పించుకుపోతుంటుంది.

భానుమతి ప్యాకెట్టు చెవికి ఆనించుకుంది. “ఎవరో అమ్మాయి. కాకినాడ యాసే. ‘మయూర్ విహార్ ఆవిడ రాగిపిండి ఆపేసిందంటే ఏదో తెలిసే ఉంటది, మనమూ ఆపేద్దాం’ అంటోంది.”

“నేనాపింది వాళ్ళని చూసేగా అత్తయ్యా!”

“నన్నడిగితే? ఉన్నది చెప్పాను. ఉండు, ఏడుస్తోంది... నువ్వు వాళ్ళ ఇందిరాపురంలో కూడా అమ్మడం మొదలుపెడుతున్నావట. తట్టుకోలేనని ఈ నెలతో మూసేస్తుందట.”

ఎన్ని చార్టులు గీసినా దొరకని కబురది. ఎగిరి గంతెయ్యాల్సిన కిరణ్మయి పెన్ను పట్టుకుని అలాగే నిలబడింది. ఏం రాయాలో తోచలేదు. చివరికి ప్యాకెట్టు వెనకున్న అడ్రసు చూసుకుని ఇందిరాపురానికి ఆటో ఎక్కింది. ఎందుకు వెళ్తోందో తనకే తెలియదు.

తలుపు తీసిన అమ్మాయి పేరు స్నిగ్ధ. గ్రైండరు రాయి ఎత్తీ ఎత్తీ వాచిన మణికట్టుకి బ్యాండేజీ కట్టుంది. ఆమె వెనక గోడకి కూడా ఒక చార్టు, దానినిండా కిరణ్మయి ప్యాకెట్ల కవర్లు. కిరణ్మయి తనెవరో చెప్పి, మూసేస్తున్నావటగా అంది.

“నేను మూసేస్తున్నానని మీకెవరు చెప్పారు?” అంది స్నిగ్ధ.

“మీ పిండి. మా అత్తయ్యగారికి.”

“అయ్యో, గ్రైండరు ముందు ఏడవకే అని మా అమ్మ చెప్తూనే ఉంటది,” అంటూ కుర్చీ లాగింది.

కిరణ్మయి కూర్చోలేదు. “నేను ఇందిరాపురం రాను. నువ్వు మూయకు.”

“అదేంటక్కా! ఎందుకు?”

“ఏమో. నువ్వు లేకపోతే సోమవారం పొద్దున్నే నేనేం చెయ్యాలి?”

స్నిగ్ధ ఆమెని ఎగాదిగా చూసింది. నవ్వాలో అనుమానించాలో తెలియని ముఖంతో ఫోను తీసి, గది ఖాళీ చెయ్యట్లేదని చెప్పడానికి ఇంటి ఓనరుకి కలిపింది.

“అంకుల్, కమరా ఖాలీ నహీ కరూంగీ... నహీ, కుఛ్ నహీ హువా.”

కిరణ్మయి మెట్లు దిగి రోడ్డుమీదికొచ్చింది. గెలిచిందో ఓడిందో తేలలేదు. ఆటో అతను “కహా, దీదీ?” అని రెండుసార్లు అడిగాక గానీ ఇల్లెక్కడో గుర్తురాలేదు.