గారెలో దాక్కున్న చుక్క

ఇనప బిళ్ళ కోటేశ్వరరావు చెవి పక్కనుంచి పోయి కంప్యూటర్ బల్ల అంచును పగలగొట్టింది. టెలిస్కోపు వెనక తూకం నిలబెట్టే తొమ్మిది కిలోల బిళ్ళ అది. విసిరినవాడు ఆయన భార్య తమ్ముడు శ్రీధర్.

"డిలీట్ చెయ్ బావా!"

"చెయ్యను."

కోటేశ్వరరావు పాతికేళ్లుగా అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్లో కిరాణా కొట్టు నడుపుతున్నాడు. మూట చూసి బరువు చెప్పగలడు, అయినా కాటా మీద పెట్టకుండా ఏనాడూ అమ్మలేదు. ఊరి బయట ఎడారిలో రేకుల గది కట్టి టెలిస్కోపు పెట్టినా అదే పద్ధతి. ఫలానా నక్షత్రం వెలుగు తగ్గుతోంది, ముందు గ్రహం అడ్డొస్తోందేమో చూడమని, కొత్త గ్రహాల కోసం ఆకాశం గాలించే సర్వేవాళ్లు అడుగుతారు. ఈయన చూసి, ఉన్నది రాస్తాడు. ఆరేళ్లలో ముప్పై ఒక్క రిపోర్టులు. ఇరవై ఎనిమిదింటిలో గ్రహం లేదు. అది నష్టమని ఆయనకెప్పుడూ అనిపించలేదు, బియ్యంలో రాళ్లు ఏరిన పనే అనుకున్నాడు.

ముప్పై రెండోది శ్రీధర్ చూశాడు. ఉద్యోగం పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. వెలుగు కెమెరాను ముంచెయ్యకుండా, అందరూ చేసినట్టే ఫోకస్ చెదరగొట్టాడు. చుక్క మధ్యలో చిల్లుతో గారెలా వెడల్పయింది. అనుకున్న వేళకే దాని వెలుగు నూటికి ఒక వంతు తగ్గింది. ఇంకేం, దసరా పార్టీలో మైకు పట్టుకుని "గ్రహం కనిపెట్టాను" అన్నాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. రేపు పొద్దున ఎనిమిదిలోగా 'అవును' అని రిపోర్టు వెళ్తే పెద్ద టెలిస్కోపు ఆ గ్రహం బరువు తేలుస్తుంది, సైన్సు పత్రికలో శ్రీధర్ పేరు వస్తుంది.

ఈ రాత్రి కోటేశ్వరరావు ఫోకస్ బిగించి చూశాడు. గారె కప్పేసిన చోట ఇంకో చిన్న చుక్క ఉంది. పెద్ద చుక్క వెలుగు ఏమాత్రం మారలేదు. తగ్గింది చిన్నదానిది, అదీ మూడో వంతు. గ్రహం అంత మింగదు. చిన్న చుక్కకు ఓ బుల్లి జోడు నక్షత్రం ఉంది, అడ్డొస్తున్నది అది.

"గారెలో మిరియం ఉందిరా. చూడకుండా మింగేశావ్."

"జోకులా? నా మీద జోకులా?"

శ్రీధర్ ఆయన గొంతు పట్టి గోడకేసి బాదాడు. రేకులు దద్దరిల్లాయి. రెండో గుద్దుతో ముందుపన్ను ఊడి నాలుక మీద పడింది. పన్ను పోతే కట్టించుకోవచ్చు, ఈ డేటా పోతే వచ్చే ఏడాది దాకా ఆ చుక్క చిక్కదు. కోటేశ్వరరావు లెక్క అంతవరకూ వచ్చేసరికి శ్రీధర్ మౌస్ మీదికి దూకాడు. బియ్యం మూటలు మోసిన భుజంతో ఆయన అతన్ని గుద్దాడు, ఆ చేతిని బల్లకేసి అదిమి, కిందపడ్డ బిళ్ళ ఎత్తి మణికట్టు మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

శ్రీధర్ నేల మీద దొర్లుతుంటే, కీబోర్డు మీద నెత్తురు కారుతుంటే, కోటేశ్వరరావు ఒంటి వేలితో టైపు చేశాడు: గ్రహం కాదు. పక్క నక్షత్రానికి చిన్న జోడు. పంపేశాడు.

హాస్పిటల్‌కి పోతున్న కారులో శ్రీధర్ అడిగాడు.

"నా పేరు తీసేశావా?"

"చూసినవాళ్లలో మొదటి పేరు నీదే. చూశావుగా."

శ్రీధర్ విరిగిన చేతిని పొట్టకు అదుముకున్నాడు.

"దసరాకొచ్చినోళ్లకి ఏం చెప్పను బావా?"

కోటేశ్వరరావు కిటికీలోంచి నెత్తురు ఉమ్మాడు.

"గారె సంగతి చెప్పు."