అమ్మమ్మ మధ్యలో కూర్చుంది

తెల్లారకముందే లేచి పిండి కలపడం రొట్టెలాయనకి అలవాటు. మొదటి వాయి పొయ్యిలోంచి దిగేసరికి బస్సు డ్రైవరు పైగదిలోంచి దిగొచ్చి, కాలుతున్న రొట్టెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేసుకుంటూ తిని డ్యూటీకి పోయేవాడు. ఇద్దరూ కలిసి కాపురం పెట్టి చాలా ఏళ్ళయింది. అయినవాళ్ళంతా ముఖం తిప్పుకున్న రోజున, "నా తమ్ముడు నవ్వుతున్నాడు, నాకంతే చాలు" అంటూ పరుపు మోసుకొచ్చి ఆ గది సర్దిపెట్టింది రొట్టెలాయన అక్కే.

ఆ అక్కకి కాన్పయింది. పాప బాగానే ఉంది. తల్లికి మాత్రం రక్తం చాలా పోయింది. ఎక్కడపడితే అక్కడ దొరికే గ్రూపు కాదు, అయినవాళ్ళలో తమ్ముడిదొక్కటే కలుస్తుంది. చేతులకంటిన పిండైనా కడుక్కోకుండా ఆసుపత్రికి పరిగెత్తాడు.

నర్సమ్మ పరీక్ష చేసి, "బంగారంలాంటి రక్తం" అంది. తర్వాత, ఇంట్లో ఎవరెవరుంటారని అడిగింది. ఎన్నడూ దాచింది లేదు కనక నోరు దానంతటదే చెప్పేసింది. ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది.

"మగవాడితో కాపురం చేసే మగవాడి దగ్గర తీసుకోకూడదు బాబూ. రూలు."

"పరీక్షలో బాగుందన్నారు కదండీ!"

"బాగానే ఉంది. రూలు పరీక్షని చూడదు." ఆవిడ కళ్ళెత్తలేదు.

డ్రైవరుకి కబురందింది. "నేను లేనని చెప్పాల్సిందిరా, ఏమీ అనుకునేవాణ్ణి కాదు" అన్నాడు ఫోనులో. అని ఊరుకోక, అమ్మమ్మని తీసుకురావడానికి వెళ్ళాడు.

అమ్మమ్మ ఇద్దరి మధ్య కూర్చుని చెరో చెయ్యీ పట్టుకుంటే, ఒకరి దగ్గరున్నది రెండోవారికి పోతుంది. చిన్నప్పుడు అక్క జ్వరంలో సగం తమ్ముడికి అలాగే పంచింది. ఇరుగుపొరుగువాళ్ళు నిద్రపట్టని పిల్లల్నీ, నిద్రలేవని అల్లుళ్ళనీ తెచ్చి ఆవిడకి అటూ ఇటూ కూర్చోబెట్టేవారు.

ప్రయాణికులతో సహా బస్సు ఆసుపత్రి గుమ్మం ముందు ఆగింది. ఎవరూ విసుక్కోలేదు.

"రూలు సూదికా, చేతులు పట్టుకోవడానికా?" అడిగింది అమ్మమ్మ.

"చేతులు పట్టుకోవద్దని ఎక్కడా లేదు పెద్దమ్మా" అని నర్సమ్మే స్టూలు జరిపింది.

అమ్మమ్మ మధ్యలో కూర్చుంది. తమ్ముడి ముఖం పిండిలా పాలిపోతుంటే, అక్క గోళ్ళలోకి ఎరుపు తిరిగొచ్చింది. అతను పడిపోకుండా డ్రైవరు వెనకనుంచి పట్టుకున్నాడు. డాక్టరు వచ్చి అక్క నాడి చూసి, "ఇంకాసేపు అలాగే ఉండండి" అని పక్కమంచం దగ్గరికి పోయాడు.

అక్క కళ్ళు తెరిచింది.

"ఒరేయ్, నా ఒంట్లో రొట్టె వాసనొస్తోందిరా."

"ఓర్చుకో. ఇక జన్మంతా అంతే." నవ్వబోయి ఏడ్చేశాడు.

కాసేపటికి నర్సమ్మ పళ్ళరసం, బిస్కెట్లు తెచ్చి అతని ముందు పెట్టింది.

"నాకెందుకండీ?"

"రక్తమిచ్చినవాళ్ళకి ఇస్తాం" అంది ఆవిడ. "అదీ రూలే. తాగు నాయనా."