పొయ్యి వెనక గోడ

"నలుపే బాగుంటుంది. ఇంకెన్నిసార్లు చెప్పాలి?" అంది మరదలు, చేతిలోని టైలు ముక్కను కిటికీ వెలుతురుకు అటూ ఇటూ తిప్పుతూ. "హాల్లో కూర్చున్నవాళ్ల కళ్లు చెదిరిపోవాలి."

"చెదరడానికి మనదేమన్నా నగల కొట్టా అమ్మా? తెల్లదైతే ఫొటోల్లో బాగా పడుతుంది," అంది మేనకోడలు.

"ఔను మరి, మనం వండేది ఫొటోల కోసమేగా!"

"మీరిద్దరూ ఒక మాట మీదికి వచ్చేలోపు ఇల్లే పాతబడిపోయేట్టుంది," అన్నాడు తమ్ముడు, ఇంకో రొట్టె కోసం తల తిప్పకుండానే చెయ్యి పైకెత్తి.

రాత్రి భోజనాల దగ్గర మొదలైన వాదన పొద్దున్న కూడా తెగలేదు. ఎత్తిన ఆ చేతి కింద, కంచంలో వేడి రొట్టె వేసి అత్త మళ్లీ పెరటి వసారాలోకి వెళ్లింది. హాలుకూ వంటింటికీ మధ్య గోడ పడగొట్టి రెండూ ఒకటి చేస్తున్నారు. పొయ్యి పెరట్లో స్టూలు మీదికి చేరింది. గాలికి మంట ఆరిపోకుండా పాత నూనె డబ్బా రేకు అడ్డం పెట్టుకుని, ఒక్కో రొట్టే కాల్చి, సిమెంటు బస్తాల మధ్యనుంచి ఒంటిపక్కగా నడుచుకుంటూ తెచ్చి పెడుతోంది. రొట్టె పెనం మీదనుంచి కంచంలోకి రావాలి. తమ్ముడికి చల్లారితే సహించదు. వాళ్ల నాన్నకూ అంతే.

అత్త ఆ ఇంటాయనకు అక్క, ఇల్లాలికి ఆడబిడ్డ, వాళ్ల అమ్మాయికి మేనత్త. పెళ్లి కాలేదు. ఒకప్పుడు రెడీమేడ్ బట్టల కంపెనీలో కాజాలు కుట్టేది. అమ్మ మంచాన పడ్డప్పుడు మానేసింది. అమ్మ పోయాక మళ్లీ వెళ్తానంటే, "నీకిప్పుడు ఏం తక్కువక్కా?" అన్నాడు తమ్ముడు. తక్కువేమిటో అప్పుడు చెప్పలేకపోయింది. తరవాత ఎవరూ అడగలేదు.

మళ్లీ రొట్టె పట్టుకొచ్చినప్పుడు అత్త బల్ల దగ్గర ఆగింది.

"గరుకుగా ఉండేది దొరకదా? మెరవనిది?" అంది.

ముగ్గురూ తలెత్తారు.

"నూనె చుక్క పడితే కనబడుతుంది. ఆవిరి మరకలు కనబడతాయి. పూటపూటా తుడవాలి," అంది అత్త.

"అత్తా, కొత్త టైల్స్ వేసేదే మెరవడానికి. గరుకువి బాత్రూముకి వేస్తారు, జారకుండా." మేనకోడలు నవ్వేసింది. "గోడ మీద ఎవరూ నడవరులే."

"నడిచేది ఉంటే అదీ అత్తే నడవాలి," అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. అతను చెయ్యి కడుక్కుంటూ ప్రేమగానే అన్నాడు. "ఎవరేమన్నా నీ వంటిల్లక్కా. నీ ఇష్టం."

ఆ మధ్యాహ్నం ముగ్గురూ టైల్స్ కొట్టుకు వెళ్లారు. అత్త వెళ్లలేదు. సెలవు రోజు, ముగ్గురూ తిరిగొచ్చేసరికి భోజనం సిద్ధంగా ఉండాలి కదా. ఆటో దిగుతూనే మరదలు మురిపెంగా చెప్పింది. "వదినా, మీకోసం మంచి పాలిష్ రకం పట్టుకొచ్చాం. పెట్టెకి రెండొందలు ఎక్కువే. పోనీలే, వదిన రోజూ చూసుకునే గోడ కదా అన్నాను."

పెట్టె మూత తీస్తే నల్లటి టైలు. వంగి చూస్తే ఎవరిదో మొహం కనిపించింది. మూత వేసేసింది.

*

టైల్స్ వేయడానికి మేస్త్రి, అతని భార్య వచ్చారు. ఇంట్లోవాళ్లు పనులకు వెళ్లిపోయారు. మేస్త్రి ఉలీ సుత్తీ పట్టుకుని పాత గోడ పెళ్లలు రాలుస్తుంటే, ఆమె టైల్స్‌ను తొట్టిలో నీళ్లలో ముంచి వరసగా నిలబెట్టింది. పొయ్యి ఉండే చోట పెళ్లలు లోపలిదాకా నల్లగా ఉన్నాయి.

"బాగా పొగ తాగిన గోడ," అన్నాడు మేస్త్రి.

"నీకంటేనా?" అంది భార్య. "నాలుగు బీడీలకోసారి ఆగుతున్నావు. గోడ నయం, నిలబడింది నిలబడినట్టే ఉంది."

అత్తకు ఫక్కున నవ్వొచ్చింది. పగలు ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది. తన నవ్వు తనకే కొత్తగా ఉంది.

గోడ చదును చేశాక మేస్త్రి రసమట్టం పెట్టి, అందులో బుడగ మధ్యకు వచ్చేదాకా చూసి గీత గీశాడు. అతని భార్య అత్త వైపు తిరిగింది.

"అక్కా, మీరెక్కడ నిలబడతారు?"

"ఎందుకు?"

"ఎక్కడో ఒకచోట టైలు కొయ్యక తప్పదు. వండే మనిషి కళ్లముందు ముక్క టైలు రాకూడదు, నిండు టైలు రావాలి. ముక్కలన్నీ మూలకి తోసేస్తాం. ఒకసారి వచ్చి నిలబడండి."

అత్త వెళ్లి గట్టు ముందు, తాను రోజూ నిలబడే చోట నిలబడింది. మేస్త్రి ఆమె కళ్ల ఎత్తుకు పెన్సిలుతో గుర్తు పెట్టాడు. ఆ గోడ గురించి ఆమెను ఎవరైనా అడిగి, ఆమె చెప్పినట్టే చేసింది అదొక్కటే.

మధ్యాహ్నం ఆ ఇద్దరూ వసారాలో ఇటుకల మీద కూర్చుని డబ్బా విప్పారు. ఒకే డబ్బా, రెండు మూతలు. ఆమె అన్నం సగం ఇటూ సగం అటూ పెట్టింది.

"మీరు తిన్నారా అక్కా?"

"లేదమ్మా. మా మేనకోడలు కాలేజీ నుంచి వచ్చి తినాలి. తరవాత తింటాను."

"రోజూ అంతేనా?"

"మాకు అలవాటే."

"నాకూ అలవాటే ఉండేదక్కా." ఆమె నోట్లో ముద్దతోనే చెప్పుకొచ్చింది. "ఈయన నింపాదిగా తినేవాడు. నేను ఎదురుగా కూర్చుని విసురుతూ ఉండేదాన్ని. ఈయన చెయ్యి కడిగేసరికి ఓనరొచ్చి 'ఇంకా కాలేదా' అనేవాడు. నాలుగు ముద్దలు మింగి మళ్లీ తట్టెత్తేదాన్ని. ఒకరోజు కళ్లు తిరిగి సిమెంటులో పడ్డా. లేచి చెప్పేశా. మావా, తింటే ఇద్దరం ఒకేసారి తిందాం, లేదంటే ఇవాళ్టి నుంచి సిమెంటు మాలు నువ్వే కలుపుకో."

"అప్పట్నుంచి కూర నాకు సగమే వస్తోంది," అన్నాడు మేస్త్రి దిగులుగా.

"అంతకుముందు నా సగం ఎవరు తిన్నారో తెలిసిందిగా."

అత్త ఈసారి నవ్వలేదు. "ఏమీ అనలేదా ఆయన?" అని మెల్లగా అడిగింది.

"అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఉప్పు తక్కువైందన్నాడు. ఉప్పు దాకా వచ్చాడంటే దారికొచ్చినట్టే కదక్కా!"

గోడ పూర్తయ్యాక ఆమె నల్లపొడి కలిపిన సిమెంటుతో సందులన్నీ వేలితో నింపింది. తడిగుడ్డతో తుడిచింది. వెళ్లేముందు పొయ్యి ఎదురుగా ఉన్న నిండు టైలు మీద అరచెయ్యి ఆనించి, "ఇది మీదక్కా," అంది. వాళ్లు వెళ్లిపోయాక ఇల్లు మళ్లీ ఎప్పటిలా అయిపోయింది. గడియారం చప్పుడు వినబడింది.

*

సాయంత్రం పక్కింటివాళ్లను పిలిచి చూపించారు. మరదలి ఆఫీసు స్నేహితురాళ్లూ వచ్చారు. మేనకోడలు ఫోను తీసింది.

"అత్తా, కాస్త పక్కకి. గోడకి అడ్డమొస్తున్నావు."

అత్త పక్కకు జరిగింది. ఫొటోలో గోడ బాగా పడింది.

ఆ రాత్రి కొత్త వంటింట్లో మొదటి వంట. అత్త పెనం ముందు నిలబడింది. వెనక, అడ్డు లేని హాల్లో, బల్ల చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. ఇన్నేళ్లూ మధ్యలో గోడ ఉండేది. మాటలు, నవ్వులు గోడ అవతలనుంచి వినబడేవి. ఆమె ఇవతలనుంచే "ఔనా!" అనేది, "అయ్యో" అనేది. అందరితో కూర్చున్నట్టే ఉండేది.

రొట్టె తిప్పి తలెత్తితే నల్లటి టైలులో వాళ్లు కనిపించారు. మేస్త్రి గుర్తు పెట్టి మరీ అతికించిన నిండు టైలు. ఆమె కళ్ల ఎత్తుకు సరిగ్గా, బల్లతో సహా, అద్దంలో ఉన్నట్టు.

తమ్ముడు ఆఫీసులో జరిగిందేదో చెబుతున్నాడు. మిగతా ఇద్దరూ నవ్వుతున్నారు. "తరవాత ఏమన్నాడట?" అంది అత్త ఎప్పటిలాగే.

ఎవరూ తల తిప్పలేదు. మరదలు కూర గిన్నె జరుపుకుంది. మేనకోడలు ఫోను చూసుకుంటోంది. తమ్ముడు అసలు విన్నట్టే లేదు. అలా అని కోపంగానో చులకనగానో లేరు. గడియారం గంట కొడితే ఎవరు తల తిప్పుతారు?

కుర్చీలు నాలుగున్నాయి. నాలుగో దానిలో మేనకోడలి కాలేజీ సంచీ కూర్చుని ఉంది.

తమ్ముడి చెయ్యి పైకి లేచింది. వెనక్కి చూడకుండా, మాట ఆపకుండా. అందులో రొట్టె పడుతుందని ఆ చేతికి తెలుసు. అత్త వెళ్లి వేసి వచ్చింది. ఆ ముగ్గురికీ ముందు, టైలులో దగ్గరగా, చెవుల పక్క జుట్టు నెరిసిపోయిన ఒకావిడ పెనం వైపు వంగి ఉంది. చెమటతో తడిసిన ఆ మొహాన్ని గుర్తుపట్టడానికి అత్తకు ఒక క్షణం పట్టింది.

అందరూ లేచాక, ఎప్పటిలా గట్టు మీదే కంచం పెట్టుకుని, నిలబడే తింది. రొట్టె చల్లారి తోలులా సాగింది. ఎదురుగా టైలులో ఖాళీ బల్ల, మెతుకులు, సంచీ ఉన్న కుర్చీ. ఎదుట మనిషి ఉంటే ఎలా తింటామో అలా, నోరు మూసుకుని నమిలింది.

తరవాత కొన్నాళ్లు ఆమె గోడ తుడవలేదు. నూనె చుక్కలు, ఆవిరి జిడ్డు పేరుకుని టైలు మసకబారింది. బల్ల, మనుషులు నీడల్లా కలిసిపోయారు. మసకలో మళ్లీ "ఔనా!" అనగలిగింది. ఒకరోజు మరదలు ఆఫీసునుంచి వస్తూనే గుమ్మంలో ఆగింది.

"వదినా, గోడ చూశారా? ఇంత డబ్బు పోసి వేయించుకున్నాం. నలుగురూ వచ్చే ఇల్లు. రోజూ ఒకసారి గుడ్డ ఆడిస్తే సరిపోతుంది కదా. నేనే చేద్దును, పొద్దున్న లేచింది మొదలు నాకు తీరికేదీ?"

నిజమే, ఆమెకూ తీరిక లేదు. ఆస్పత్రి ఆఫీసులో బిల్లుల కౌంటరు దగ్గర పగలంతా కూర్చుని, నడుం పట్టేసి వస్తుంది. అత్త వేణ్ణీళ్లలో సబ్బు కలిపి, పై వరస నుంచి మొదలుపెట్టి, సందుల్లో కూడా తుడిచింది. కళ్ల ఎదుటి టైలు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. తరవాత దాన్ని అన్నిటికంటే గట్టిగా, మరక మిగలకుండా తుడిచింది.

రోజూకంటే ముందుగా, అప్పుడే పిండి కలిపింది.

రాత్రి ముగ్గురూ బల్ల దగ్గరకు వచ్చేసరికి రొట్టెలన్నీ డబ్బాలో, గుడ్డ కప్పి, బల్ల మధ్యలో ఉన్నాయి. కంచాలు నాలుగున్నాయి. పొయ్యి ఆరి ఉంది.

అత్త నాలుగో కుర్చీ దగ్గర నిలబడింది.

"ఈ సంచీ తియ్యమ్మా."

మేనకోడలు అయోమయంగా చూసింది. "ఎక్కడ పెట్టను?"

"నీ ఇష్టం."

ఆ పిల్ల సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. అత్త కూర్చుంది. ఆ కుర్చీ ఎత్తు, బల్ల అంచు ఆమెకు కొత్త. మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు ఒళ్లోనే ఉంచుకుంది.

"ఏమైందక్కా, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు తమ్ముడు.

"బాగానే ఉంది."

"మరి పొయ్యి ఆపేశావేం?"

"రొట్టెలు చెయ్యడం అయిపోయింది. ఇకనుంచి ముందే చేసి మూత పెడతాను." ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. పిండి అయిపోయిందనో, పాలవాడు రాలేదనో చెప్పేటప్పుడు ఎంత గొంతు ఉంటుందో అంతే ఉంది. "మీరు తినేటప్పుడే నేనూ కూర్చుని తింటాను. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోండి."

మరదలు భర్త మొహం చూసి, అత్త మొహం చూసి, డబ్బా మీది గుడ్డ ఒక మూల ఎత్తి మళ్లీ కప్పింది.

"చల్లారినవి ఆయన తినలేరు కదా వదినా," అంది.

"నేను ఇన్నేళ్లు తిన్నానుగా," అంది అత్త. "పొయ్యి అక్కడే ఉంది. వేడివి కావాలంటే ఎవరైనా కాల్చుకోవచ్చు."

డబ్బా తనవైపు జరుపుకుని ఒక రొట్టె తీసుకుంది. ఇంకా వేడిగానే ఉంది. తమ్ముడి చెయ్యి బల్ల మీద కంచం పక్కన, దేనికోసమో తెలియనట్టు తెరుచుకుని ఉంది.

అత్త తలెత్తింది. తుడిచిన నల్లటి గోడలో నలుగురు కూర్చుని ఉన్నారు. పొయ్యి ముందు ఎవరూ లేరు.